ఇంట్లోనే తీగవాయిద్యం చేసుకోవాలంటే: బకెట్, బుర్ర, డబ్బా, పలకల్లో మీకు నప్పేదేది?

ఎండాకాలం సెలవులు మొదలవగానే మా హనుమకొండలో చాలా ఇళ్లలో ఇదే ముచ్చట. ఎవరో నూనె డబ్బాతో గిటారు చేసింది పిల్లలు ఫోన్‌లో చూస్తారు, మనమూ చేద్దామంటారు. ఇంట్లో పాత డబ్బా ఉంటుంది, పెయింట్ బకెట్ ఉంటుంది, అటక మీద ఎండిన సొరకాయ బుర్ర కూడా ఉండొచ్చు. సామాన్లకు కొదవ లేదు. ఏది చెయ్యాలన్నదే తేలదు.

చాలామంది "అన్నిటికన్నా తేలికైనది ఏది?" అని అడుగుతారు. అలా మొదలుపెడితే వాయిద్యం తయారవుతుంది గానీ రెండు రోజుల్లో మూలకు చేరుతుంది. ముందు అడగాల్సింది, దానితో ఏం వాయిస్తారని. పాడేటప్పుడు వెనక శ్రుతి మోగాలా? వేళ్లతో పాట పలకాలా? ఆటకో కథకో దరువు కావాలా? ఈ మూడూ వేరు వేరు పనులు. ఒక పనికి చేసిన వాయిద్యం ఇంకో పనికి సగమే పనికొస్తుంది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

ఏం పలకాలి. దీనికి మన చుట్టూ ఉన్న వాయిద్యాలే దారి చూపిస్తాయి. శారద కథలు చెప్పే శారదకాండ్లు భుజానికి ఆనించుకునే తంబుర శ్రుతి కోసం. ఒకే స్వరం ఆగకుండా మోగుతుంటే కథకుడి గొంతు దాన్ని పట్టుకుని నడుస్తుంది. ఎల్లమ్మ కథలో బైండ్లవాళ్లు వాయించే జమిడిక దరువు కోసం. తీగను లాగుతూ వదులుతూ మీటుతుంటే చప్పుడు పైకి లేచి కిందికి జారుతుంది. 12 మెట్ల (తీగను వేలితో నొక్కి ఆనించే అడ్డుపట్టీల) కిన్నెర పాట కోసం. నాగర్‌కర్నూల్ వైపు కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక కిన్నెర పేరు ఇటు ఉత్తరాన కూడా ఇంటింటికీ తెలిసింది. మీరు చేసేది డబ్బాతోనైనా బకెట్‌తోనైనా, ఈ మూడింటిలో దేనికి చుట్టమో ముందే అనుకోండి.

లాగుడు ఎవరు మొయ్యాలి. ఇంట్లో చేసినవి ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. పావు మిల్లీమీటరు మందం ఉక్కు తీగను 60 సెంటీమీటర్ల పొడవున ఐదో శ్రుతికి (ఇంగ్లిష్ పేర్లలో G స్వరానికి) బిగిస్తే, అది రెండు కిలోలకు పైగా బరువుతో రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటుంది. గిటారు తీగలు మూడు కడితే లాగుడు 20 నుంచి 30 కిలోల దాకా పోతుంది. మామూలు ఉక్కు తీగల గిటారు మీద ఆరూ కలిపి 70 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అట్టపెట్టె దీన్ని మొయ్యలేదు, పలుచని రేకు డబ్బా కూడా మొయ్యలేదు. మొయ్యాల్సింది కర్ర. డబ్బా పని మోగడం ఒక్కటే. ఈ రెండు పనులనూ విడదీసి చేసిన వాయిద్యం ఏళ్ల తరబడి ఉంటుంది.

ఎంత దూరం వినపడాలి. తీగ సన్నది, ఒంటరిగా గాలిని కదిలించలేదు. దాని వణుకు గుర్రం (తీగను ఎత్తి పట్టే చిన్న ముక్క) మీదుగా ఒక పలుచని పలకకు చేరితేనే చప్పుడు పుడుతుంది. గదిలో పాడుకోవడానికి కొబ్బరి చిప్ప చాలు. వాకిట్లో పదిమంది కూర్చున్న భజనకు చాలదు.

ఎవరి చేతులు, ఏ పనిముట్లు. రంపం, డ్రిల్లు ఉన్న ఇల్లు వేరు, కత్తెర, స్క్రూడ్రైవర్ మాత్రమే ఉన్న ఇల్లు వేరు.

మన ఎండ. మే నెలలో వరంగల్ ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. గ్లూ గన్‌తో అతికించినవి రేకుల గదిలో మెత్తబడి జారిపోతాయి. లాగుడు పడే చోట గ్లూ గన్ వద్దు. స్క్రూ, మేకు లేదా సుతిలి కట్టు వాడండి. పచ్చి బొంగు ఎండేకొద్దీ కుంచించుకుపోయి చీలుతుంది కాబట్టి ఎండిందే తెచ్చుకోవాలి. మేదరివాళ్ల దగ్గర అడిగితే తగిన మందం చూసి కోసిస్తారు.

## తీగ సంగతి

ఏ వాయిద్యం చేసినా తీగ కావాలి. ఇంట్లో దొరికేవాటిలో పనికొచ్చేవీ పనికిరానివీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

స్లాబులకు ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు చేతికి అందుబాటులో ఉంటుంది, కానీ వాడొద్దు. కాల్చి మెత్తబరిచిన ఇనుము అది. బిగిస్తే సాగుతుంది, మళ్లీ బిగిస్తే మళ్లీ సాగుతుంది, శ్రుతి నిలవదు. బోరు మోటార్ల వైండింగ్ దుకాణంలో దొరికే రాగి తీగదీ అదే గుణం. సైకిల్ బ్రేకు వైరు విప్పితే లోపల సన్నని ఉక్కు పోగులు వస్తాయి. అవి గట్టివే, బాగానే మోగుతాయి, కానీ పురి తిరిగి ఉండటంతో కొంచెం జీరగా పలుకుతాయి. కొసలు సూదిలా గుచ్చుకుంటాయి, చివర తప్పకుండా మడవాలి.

చేపల గాలానికి వాడే నైలాన్ దారం పిల్లలకు మేలైనది. 0.6 మిల్లీమీటర్ల దారం 60 సెంటీమీటర్ల పొడవున ఉక్కు తీగకు దగ్గరగానే శ్రుతి ఇస్తుంది, వేలు కోయదు, తెగినా మొహం మీదికి ఎగరదు. కట్టిన మొదటి రోజు సాగుతూనే ఉంటుంది, మర్నాటికి కుదురుకుంటుంది. దాని గొంతు మెత్తన. గాలిపటాల మాంజా మాత్రం ముట్టొద్దు. గాజు పొడి అద్దిన దారం వేళ్లు కోస్తుంది, చైనా మాంజా అయితే నిషేధమే.

డబ్బు ఖర్చు పెట్టే చోటు ఒక్కటే ఉందంటే అది తీగ దగ్గరే అంటాను. సంగీత వాయిద్యాల దుకాణంలో గిటారు తీగలు విడిగా కూడా ఇస్తారు. ఆడవాళ్ల గొంతుకు సాధారణంగా పెట్టుకునే ఐదో శ్రుతికి గిటారు రెండో తీగను, మగవాళ్ల ఒకటో శ్రుతికి మూడో తీగను అడగండి. రెండింటినీ గిటారు మీద ఉండేదానికన్నా వదులుగా కడతాం కాబట్టి లాగుడు తక్కువ, తెగే భయమూ తక్కువ.

ఉక్కు తీగ బిగించేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోవాలి. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

## ఒక్కొక్కటిగా

### రబ్బరు బ్యాండ్ల డబ్బా

ఐదారేళ్ల లోపు పిల్లలకు. చెప్పుల అట్టపెట్టె కంటే మూత తీసిన స్టీలు టిఫిన్ డబ్బా మేలు, అది అణగదు. బ్యాండ్లు అడ్డంగా చుట్టి, కింద ఒక పెన్సిల్ దూర్చితే అయిపోయింది. ఒక్క విషయం గమనించండి. రబ్బరును ఎంత లాగినా స్వరం పెద్దగా పెరగదు, ఎందుకంటే లాగుడుతో పాటు పొడవూ పెరుగుతుంది. అందుకని వేరే స్వరాలు కావాలంటే మందం వేరైన బ్యాండ్లు ఏరుకోవాలి. దీనితో పాట రాదు. తీగ వణికితే చప్పుడు పుడుతుందని బిడ్డ కళ్లారా చూస్తుంది, ఆ వయసుకు అది చాలు.

### డబ్బా జమిడిక

కథలు చెప్పే పిల్లలకు, బడి నాటకాలకు నేను మొదట చెప్పేది ఇదే. లీటరు డబ్బా ఒకటి, చొక్కా గుండీ ఒకటి, చెప్పులు కుట్టే దారం ఒక మూర, చిన్న కట్టె ముక్క. డబ్బా అడుగున నడిమధ్యలో మేకుతో పొక్క పెట్టి, గుండీని బయటి వైపు ఉంచి, దారాన్ని లోపలి నుంచి తెరిచి ఉన్న వైపుకు తియ్యాలి. కొసకు కట్టె ముక్క కట్టాలి. డబ్బాను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో కట్టెను లాగుతూ ఇంకో చేత్తో దారాన్ని మీటాలి. లాగితే గొంతు లేస్తుంది, వదిలితే దిగుతుంది. దారానికి తేనె మైనం రుద్దితే చప్పుడులో పదును వస్తుంది. రేకు అడుగు కంటే గట్టి అట్ట అడుగున్న డబ్బా బాగా పలుకుతుంది. ఎందుకంటే దారం లాగినప్పుడు అట్ట కొంచెం వంగి తిరిగి లేస్తుంది, రేకు బిర్రుగా నిలబడిపోతుంది.

బైండ్లవాళ్ల జమిడికకు తోలు మూత ఉంటుంది, దాని గంభీరం దీనికి రాదు. కానీ వాయించే తీరు అదే. అరగంటలో తయారవుతుంది, తెగితే రెండు నిమిషాల్లో బాగవుతుంది.

### బకెట్ బేస్

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ బోర్లించి, అడుగున పొక్క పెట్టి, బట్టలు ఆరేసే నైలాన్ తాడు కట్టి, రెండో కొసను మనిషి ఛాతీ ఎత్తున్న బొంగుకు కట్టాలి. బొంగు కింది కొసను బకెట్ అంచు మీద ఆనించి వెనక్కి వంచితే తాడు బిగుస్తుంది. బకెట్‌కు ఒక పక్క ఇటుక పెడితే కింది నుంచి గాలి బయటికి వస్తుంది. ఇటుక లేకపోతే చప్పుడు సగం లోపలే ఉండిపోతుంది.

వాయించనప్పుడు లాగుడే ఉండదు కాబట్టి విరగడానికి ఏమీ లేదు. కోలాటానికి, డప్పు పక్కన నిలబడి వాయించడానికి కాలేజీ పిల్లలకు బాగా నప్పుతుంది. ఇంట్లో ఒక్కరే కూర్చుని వాయించుకునేది కాదిది.

### బుర్ర ఏక్‌తార

ఏక్‌తార అంటే ఒకే తీగ వాయిద్యం. శ్రుతి కోసమైతే దీన్ని మించింది లేదు. ఎండిన సొరకాయ (మన పల్లెల్లో ఆనిగెపుకాయ అంటారు) పలికినట్టు రేకు పలకదు, ప్లాస్టిక్ పలకదు. దాని నాదం గుండ్రంగా ఉంటుంది, గొంతును కప్పెయ్యదు.

బుర్ర ఏరడంలోనే సగం పని ఉంది. ఊపితే లోపల విత్తనాలు గలగలమనాలి. గోటితో కొడితే గట్టిగా, కొంచెం పైస్థాయిలో మోగాలి. బద్దకంగా 'దబ్' అంటే ఇంకా తడి ఉన్నట్టు. పైతోలు నానబెట్టి గీకాలి. ఒక పక్క కోసి లోపలి పీచును పాత చెంచాతో తియ్యాలి. ఆ దుమ్ము గొంతులో పడితే చేదుగా మండుతుంది కాబట్టి లోపల తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని చెయ్యండి. కోసిన నోటికి 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క గుండ్రంగా కోసి, రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్‌తో అతికించాలి. బొంగు బుర్రను రెండు వైపులా దాటి బయటికి రావాలి. అప్పుడు తీగ రెండు కొసలూ బొంగుకే ఉంటాయి, బుర్ర మీద లాగుడు పడదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రైతు పాదు మీదే కాయను ఎండనివ్వాలి, దానికి నెలలు పడుతుంది. ఇవాళ అనుకుని ఇవాళ చేసేది కాదు. జారి పడితే పగులుతుంది, పురుగు పడుతుంది. బుర్ర దొరక్కపోతే కొబ్బరి చిప్పతో ఇదే పద్ధతిలో చెయ్యొచ్చు, నాదం బాగుంటుంది గానీ చప్పుడు చిన్నది.

### మొలల పలక

రెండడుగుల చెక్క మీద రెండు వైపులా మొలలు కొట్టి, ఎనిమిది తీగలు కట్టి, ఒక్కో తీగను ఒక్కో స్వరానికి బిగించేది. చెక్కకు లాగుడు లెక్కే కాదు. సంగీతం రాని పిల్లవాడైనా తీగలకు అంకెలు రాసి పెడితే ఆ రోజే పాట మీటుతాడు. పలకను ఉత్త నేల మీద కాకుండా చెక్క బల్ల మీదో ఖాళీ పెట్టె మీదో పెడితే బాగా వినపడుతుంది.

కష్టమంతా శ్రుతి చెయ్యడంలో ఉంది. ఎనిమిదో తీగ బిగించేసరికి మొదటిది కొంచెం దిగుతుంది. మొలల బదులు ఒక వైపు స్క్రూ కొక్కేలు పెడితే తిప్పి బిగించొచ్చు. శ్రుతి చేసిపెట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటేనే దీన్ని ఎంచుకోండి.

### డబ్బా వీణ

బిస్కెట్ల రేకు డబ్బా లేదా చెక్క పెట్టె, దాని గుండా పోయే 90 సెంటీమీటర్ల రీపరు కర్ర. కట్టెకోత మిషన్ల దగ్గర ఒకటిన్నర అంగుళాల వెడల్పు, అంగుళం మందం ముక్క అడగండి. వీణకు దండి ఎలాగో దీనికి ఈ కర్ర అలాగే. పైన తీగ ఆనడానికి ఒక బోల్టు, డబ్బా మీద గుర్రంగా ఇంకో గట్టి ముక్క. పెన్సిల్ గుర్రమైతే నాదం మెత్తగా, లావుపాటి ఉక్కు బోల్టు అయితే గణగణమంటుంది. రేకు డబ్బా మూత వదులుగా ఉంటే గరగరమంటుంది, చుట్టూ టేపు వెయ్యాలి. కత్తిరించిన రేకు అంచులను పట్టకారుతో మడవాలి.

బిరడలు (తీగను తిప్పి బిగించే మరలు) గిటారువి కొనొచ్చు, కట్టెతో చెక్కుకోనూ వచ్చు. చెక్కిన బిరడ జారుతుంటే సుద్దపొడి రాస్తే పట్టు దొరుకుతుంది.

తీగ ఒకటి కట్టాలా మూడు కట్టాలా? మూడు తీగలకు గిటారు ఐదు, నాలుగు, మూడో తీగలు కట్టి స-ప-స శ్రుతి చేస్తే ఒక్క వేలితోనే నిండుగా మోగుతుంది. కానీ కర్ర వంగే భయం, ఖర్చు, శ్రుతి పని మూడింతలవుతాయి. మొదటిసారి చేసేవాళ్లు ఒక తీగతోనే చెయ్యండి. ఒకే తీగ మీద పాట పలికించడం నేర్చుకుంటే చెవి కూడా తయారవుతుంది.

మెట్లకు కేబుల్ టైలు వాడమని నా గట్టి సలహా. కర్ర అంచులు గుండ్రంగా రుద్ది, టై చుట్టి బిగిస్తే మెట్టు తయారు. అటూ ఇటూ జరపొచ్చు కూడా. గుర్రం నుంచి పై బోల్టు దాకా కచ్చితంగా 60 సెంటీమీటర్లు పెట్టుకుంటే శంకరాభరణం రాగం మెట్లు ఇక్కడ వస్తాయి:

| స్వరం | పై బోల్టు నుంచి దూరం (సెం.మీ.) |
|---|---|
| స | ఉత్త తీగ |
| రి | 6.7 |
| గ | 12 |
| మ | 15 |
| ప | 20 |
| ద | 24 |
| ని | 28 |
| పై స | 30 |

మ, ని మెట్లు వదిలేస్తే మోహన రాగం. జానపదాల్లో చాలా బాణీలు ఈ ఐదు స్వరాల్లోనే వచ్చేస్తాయి. వేలితో నొక్కినప్పుడు తీగ కొంచెం బిగిసి స్వరం పెరుగుతుంది కాబట్టి గుర్రాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. మిగతా తేడాను చెవితో విని మెట్టు జరిపి సరిచేసుకోవాలి.

### కమానుతో వాయించేది

ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు గోండుల కథలు పాడే పర్ధాన్లు, తోటీలు వాయించే కిక్రీని చూసి అలాంటిది చేద్దామనుకునేవాళ్లున్నారు. గుర్రపు వెంట్రుకలు కట్టిన కమాను (తీగ మీద రాసే కర్ర), దానికి రోజిన్ (వెంట్రుకలకు పట్టు కోసం రుద్దే గట్టి బంక), తీగ కింద వంపు తిరిగిన గుర్రం కావాలి. రోజిన్ ముక్క సోల్డరింగ్ సామాన్లమ్మే ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరుకుతుంది గానీ కమాను కుదరడం కష్టం. మొదటి వాయిద్యంగా దీన్ని ఎంచుకోవద్దు.

## పక్కపక్కన పెడితే

| రకం | దేనికి | పని | వినికిడి | బలహీనత |
|---|---|---|---|---|
| రబ్బరు బ్యాండ్లు | ఆట | నిమిషాలు | చిన్నది | పాట రాదు |
| డబ్బా జమిడిక | దరువు | అరగంట | మధ్యస్థం | స్వరం నిలవదు |
| బకెట్ బేస్ | దరువు | గంట | పెద్దది | ఒంటరిగా బాగుండదు |
| బుర్ర ఏక్‌తార | శ్రుతి | రెండు మూడు రోజులు | మధ్యస్థం | బుర్ర దొరకాలి, పగులుతుంది |
| మొలల పలక | పాట | ఒక పూట | బల్లను బట్టి | శ్రుతి చెయ్యడం |
| డబ్బా వీణ, ఒక తీగ | శ్రుతి, పాట | ఒక రోజు | మధ్యస్థం | రంపం, డ్రిల్లు కావాలి |

## మీరు ఎవరు?

భజన మండలిలో పాడేవాళ్లయితే బుర్ర కోసం ఆగండి. ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో పాడే గొంతులు దూరం పోతాయి. ఆ గొంతు వెనక మీ ఏక్‌తార వినపడాలంటే బుర్ర పెద్దదిగా ఉండాలి, బొంగు చేతి వేలికన్నా లావుండాలి. ఇంట్లో కూర్చుని పాడుకునేవాళ్లకు కొబ్బరి చిప్ప చాలు.

బడి టీచరైతే తరగతి మొత్తానికి ఒకే రకం చేయించొద్దు. పది పన్నెండు జమిడికలు, రెండు బకెట్లు, ఒక మొలల పలక పెట్టుకోండి. శ్రుతి చేసే బాధ ఒక్క పలకకే ఉంటుంది, మిగతావాళ్లంతా దరువు మీద ఉంటారు. పొడవు సగమైతే స్వరం పైస్థాయికి పోతుందని, లాగుడు నాలుగింతలైతేనే స్వరం రెట్టింపవుతుందని భౌతికశాస్త్రం పాఠంలో చెప్పేదాన్ని పిల్లలు అదే పలక మీద చెవులారా వింటారు.

పదేళ్లు దాటిన పిల్లలున్న ఇల్లైతే, ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతే, ఒక తీగ డబ్బా వీణ చెయ్యండి. మొదట మెట్లు కట్టొద్దు. ఉత్త తీగతో అది ఏక్‌తారే, సాయంత్రానికల్లా శ్రుతిగా పనికొస్తుంది. పిల్లలకు దాని మీద ఇష్టం నిలిచిందని తోచాక 20 సెంటీమీటర్ల దగ్గర 'ప', 30 దగ్గర పై 'స' కట్టండి. ఈ రెండూ చెవికి సులువుగా దొరికే స్వరాలు. అవి ఉత్త తీగతో కలిసి సరిగ్గా పలికాక 12 దగ్గర 'గ' కట్టండి, తర్వాత 'రి', 'ద'. ఒక్కో మెట్టు కట్టినప్పుడల్లా పిల్లలతోనే దాన్ని జరిపించి, ఎక్కడ కుదిరిందో వాళ్లనే చెప్పనివ్వండి.